మెత్తదనం మీద అభ్యంతరం

పొద్దున్న ఏడింటికే చింతలవలసలో ఉక్క.
రేంజి పక్కన రేకుల షెడ్డు, అందులో నా బల్ల,
బల్ల మీద ట్రిగ్గర్ బరువు తూచే కొక్కెం,
టీ మరక పడ్డ పుస్తకం.
ఇరవయ్యెనిమిదేళ్లు బెటాలియన్ తుపాకులకు నూనె పెట్టిన చెయ్యి నాది.
ఇప్పుడు తుపాకుల కంటే
వాటి ఇళ్లనే ఎక్కువ చూస్తున్నాను.

ఒక్కొక్కరూ వచ్చి నడుము చూపిస్తారు.
బెల్టు లూపుల్లోంచి దూరిందా,
పిడి బెల్టు కిందికి జారిందా,
గొట్టం మడమల దగ్గర నేలని చూస్తోందా
పక్కవాడి మోకాలినా.
ఖాళీ తుపాకీ పెట్టి, తలకిందులు చేసి,
చింతకొమ్మ దులిపినట్టు దులుపుతాను.
రాలితే ఇంటికే.

కుర్రాళ్లకి విసుగు.
"తాతా, సెకనులో తీసేస్తాను చూడు" అంటాడొకడు.
తియ్యి నాయనా, తీసినందుకు గడియారం ఉంది.
తిరిగి పెట్టేటప్పుడు గడియారం ఎవరూ పట్టుకోరు.
ఎందుకని ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు.

పదకొండో నంబరు, మంజులత.
నల్ల తోలు హోల్‌స్టరు. కొన్నది కాదు.
అంగుళానికి పది కుట్లు, ఒక్కటీ వంకర లేదు.
అంచుకి మైనం మెరుపు, లోపల ఆముదం వాసన,
మూలన చిన్న చేప బొమ్మ.
చేప ఎందుకో అడగలేదు.
దులిపాను, రాలలేదు.
ట్రిగ్గర్ మీద తోలు నిండుగా ఉంది, వేలు దూరలేదు.
'సరి'లో 'స' రాసేశాను కూడా.
తుపాకీ బయటికి తీసి
నోటి దగ్గర బొటనవేలు ఆనించాను.

పళ్లూడిన ముసలమ్మ పెదవిలా
లోపలికి మడతపడింది.

ఆ మడత చాలు.
తిరిగి పెట్టేటప్పుడు తుపాకీతో పాటు లోపలికి దూరి
ట్రిగ్గర్‌ని అదే నొక్కేస్తుంది, తొడ పక్కనే.
వేలికైతే బుద్ధి చెప్పుకుంటాం.
తోలుకి ఎవరు చెప్తారు?

"కుదరదమ్మా."
ఆ పిల్ల ఏమీ అనలేదు, తాడు అవతలికి చూసింది.
గోళ్ల సందుల్లో నల్లరంగుతో ఒకాయన వచ్చాడు,
మూడు లాంతర్ల దగ్గర గొడుగు కింద కూర్చునే కూర్మయ్య.
"ఏటి బావూ, కుట్టు బాగోనేదేటి?"
కుట్టుకేం, వంక పెట్టలేను.
"మరేటి?"
మెత్తగా ఉంది, అన్నాను.

నలభై ఏళ్లు తోలుని నానబెట్టి, నూనె తాగించి,
రాతి మీద సాగదీసి,
ఊరి కాళ్లని కరవకుండా చేసిన మనిషి.
మెత్తదనాన్ని తప్పుగా రాసుకునే పుస్తకం
ఒకటుంటుందని అతనికెవరు చెప్పారు గనక?
"కరిస్తే తిడతారు," అన్నాడు మెల్లగా,
"కరవకపోతే కూడానా?"

మంజులత అరువు ప్లాస్టిక్ కట్టుకుంది.
దాని ఎత్తు ఆమె చేతికి తెలీదు.
మొదటి గుండు గాలికి, రెండోది మట్టికట్టకి.
చూడకుండా ఉండాల్సింది, చూశాను.
షెడ్డు వెనక కూర్మయ్య
ఉక్కకి నేను విప్పేసిన బూటు ఒళ్లో పెట్టుకుని
మడమ వెనక బొటనవేలితో నొక్కుతున్నాడు.
అది మడతపడటం లేదు.
మళ్లీ నొక్కాడు.

వచ్చే నెల పోటీకి వాన.
అదే తోలు, అదే చేప.
నోటి చుట్టూ మాత్రం, రెండు పొరల మధ్య,
బూటు మడమకి పెట్టే గట్టి పట్టీ,
రెండు వరసల కుట్టు.
నొక్కాను. లొంగలేదు.
రూలు అడిగిన దానికంటే గట్టిగా నొక్కాను.
తాడు అవతల అతను నా మొహం చూడటం లేదు,
నా బొటనవేలిని చూస్తున్నాడు.

'సరి' అని రాశాను.
ఇంకేదో రాయాలనిపించింది,
ఆ గడిలో చోటు లేదు.
"తర్వాత!" అని కేకేశాను.

వాన రేకుల మీద పెరిగింది.
తాడు అవతల నుంచి కూర్మయ్య అరిచాడు:
"బూట్లు తడిసిపోతన్నాయి బావూ, తీసీమంటారా?"